హైదరాబాద్ మేయర్ల జాబితాలో ఆ ఖాళీ ఏళ్లు ఏమిటి?

సోషల్ టీచర్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఎనిమిదో తరగతి పిల్లలతో క్లాసు గోడకి ఒక చార్టు చేయిస్తున్నాను. హైదరాబాద్ నగర మేయర్లు, మొదటివారి నుంచి ఇప్పటివరకు. పేరు, ఏడాది, ఫొటో దొరికితే ఫొటో. రెండు రోజుల్లో అయిపోయే పని అనుకున్నాను. మూడు వారాలైంది, ఇంకా నడుస్తూనే ఉంది.

మొదటి పేరు దగ్గర ఏ ఇబ్బందీ లేదు. 1951లో మాడపాటి హనుమంతరావు గారు. నారాయణగూడలో 1928లో ఆడపిల్లల కోసం తెలుగు బడి పెట్టినాయనే మన మొదటి మేయర్ అని చెప్పగానే పిల్లలకి భలే సంతోషం వేసింది. ఆ తర్వాతే తికమక. 50ల్లో, 60ల్లో దాదాపు ఏడాదికో పేరు ఉంది. 70లు వచ్చేసరికి ఒక్క పేరూ లేదు. మళ్లీ 1986 తర్వాత గబగబా పేర్లు. మళ్లీ ఖాళీ. 2002లో ఒక పేరు, అయిదేళ్లు. మళ్లీ ఖాళీ.

మా క్లాసులో ఒకమ్మాయి అడిగింది, "టీచర్, అప్పుడు మేయర్ లేకపోతే చెత్త ఎవరు ఎత్తించారు?" అని. ఇంకొకడు "మేయర్ పెద్దా, కమిషనర్ పెద్దా?" అన్నాడు. ఇద్దరికీ రేపు చెబుతానన్నాను. ఆ రేపు రాకుండానే పది రోజులు గడిచిపోయాయి. పిల్లలకి తప్పు చెప్పకూడదని ఇక్కడ అడుగుతున్నాను. మొదటి మహిళా మేయర్ ఎవరన్నదాని మీద కూడా రెండు పేర్లు వినిపిస్తున్నాయి. పాత సంగతులు తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

---

గౌలిగూడ పాతకాపు:

అమ్మా, మంచి పని మొదలుపెట్టావు. నేను 1961లో పుట్టాను, అప్పటి నుంచీ ఈ ఊళ్లోనే. నాకు తెలిసినంత చెబుతాను.

ముందు ఆ ఏడాదికో పేరు సంగతి. అప్పట్లో మేయర్ పదవీకాలం ఏడాదే. ఓటర్లు కార్పొరేటర్లను ఎన్నుకుంటే, ఆ కార్పొరేటర్లు ఏటా కూర్చుని తమలో ఒకరిని మేయర్‌గా ఎంచుకునేవాళ్లు. అందుకే ధరణీధర్ సంఘీ, షహాబుద్దీన్ అహ్మద్ ఖాన్, కృష్ణస్వామి ముదిరాజ్ ఇలా వరసగా పేర్లు కనిపిస్తాయి. మాడపాటి వారు 1951 నుంచి 1954 దాకా ఉన్నారంటే ఆయన మీద ఉన్న గౌరవం అలాంటిది. ఉర్దూ, ఫార్సీ బాగా వచ్చిన వకీలు, నిజాం కాలంలో తెలుగువాళ్ల కోసం ఆంధ్ర జనసంఘం, ఆంధ్ర మహాసభ నడిపిన మనిషి. అన్ని భాషలవాళ్లూ ఉన్న ఈ ఊరికి మొదటి మేయర్‌గా అంతకన్నా తగినవారు నాకైతే కనపడరు. తర్వాత 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి మొదటి చైర్మన్ కూడా ఆయనే. ఇది మీ పిల్లలకి తప్పకుండా చెప్పు. మేయర్ కుర్చీలో కూర్చున్నాక ఆయన ఏనుగెక్కి ఊరేగలేదు, ఆయన పేరు చెబితే ఊరికి ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ బడే.

మొదటి మహిళ ఎవరన్నదానికి జవాబు సూటిగానే ఉంది. నగరానికి మొదటి మహిళా మేయర్ రాణి కుముదినీదేవి, 1962లో. వనపర్తి సంస్థానం వాళ్ల ఇంటి కోడలు. కూకట్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం శివానంద ఆశ్రమం నడిపినావిడ. అప్పట్లో ఆ రోగులని ఇంట్లోవాళ్లే దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు, మా అమ్మ ఆవిడ పేరు చెబితే చేతులు జోడించేది. కొన్నేళ్లకి సరోజినీ పుల్లారెడ్డి గారూ మేయర్ అయ్యారు, తర్వాత మంత్రి కూడా అయ్యారు. నువ్వు విన్న రెండో పేరు బండ కార్తీకరెడ్డి అయి ఉంటుంది. ఆవిడ 2009లో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌కి మొదటి మేయర్. అంటే గ్రేటర్ అయ్యాక మొదటి మహిళ ఆవిడ, నగరానికి మొదటి మహిళ కుముదినీదేవి. రెండూ నిజమే, రాసేటప్పుడు ఆ "గ్రేటర్" అన్న మాట వదిలేస్తేనే తప్పవుతుంది.

ఇప్పుడు ఖాళీల సంగతి. ఆ ఏళ్లలో కార్పొరేషన్ ఉంది. ఎన్నికైన కౌన్సిల్, అంటే కార్పొరేటర్ల సభ, మాత్రం లేదు. పాత కౌన్సిల్ గడువు తీరిపోయింది, కొత్త ఎన్నికలు పెట్టలేదు, ప్రభుత్వం ప్రత్యేక అధికారిని కూర్చోబెట్టింది. కౌన్సిల్ చేయాల్సిన తీర్మానాలన్నీ ఆ ఒక్క అధికారి సంతకంతో అయిపోతాయి. చెత్త ఎత్తారు, వీధి దీపాలు వెలిగాయి, పన్నులు వసూలు చేశారు. ఆ అమ్మాయికి ఇదే చెప్పు. కాకపోతే మా వీధి సంగతి నిలదీసి అడగడానికి మేం ఓటేసి పంపిన మనిషి ఒక్కడూ లేడు.

నాకు బాగా గుర్తున్నది 1986. అప్పుడు ఓటు వయసు 21. నాకు పాతికేళ్లు. కార్పొరేషన్‌కి ఓటేయడం మా స్నేహితులందరికీ అదే మొదటిసారి. మా నాన్న పొద్దున్నే ఉతికిన లాల్చీ వేసుకుని పోలింగ్ బూత్‌కి బయల్దేరాడు. ఢిల్లీ ఓటు కన్నా ఈ ఓటుకే ఆయన ఎక్కువ సంబరపడ్డాడు. "వీడు మన గల్లీలో కనపడాల్సినవాడురా" అన్నాడు. ఆ కౌన్సిల్ కాలంలో కూడా మేయర్లు ఏటా మారారు. ఎంఐఎం తరఫున ప్రకాశ్‌రావు, సత్యనారాయణ, ఆలంపల్లి పోచయ్య మేయర్లు అయ్యారు. ఆ పార్టీ నుంచి హిందువులు మేయర్లు కావడం గురించి పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మీర్ జుల్ఫికర్ అలీ కూడా అదే పార్టీ మేయరే, 2023లో చార్మినార్ ఎమ్మెల్యే అయ్యారు.

ఆ తర్వాత మళ్లీ ప్రత్యేక అధికారులు. తొంభైలు అలాగే గడిచిపోయాయి. 2002లో మళ్లీ ఎన్నికలు వస్తే నేను రెండు ఓట్లు వేశాను, ఒకటి కార్పొరేటర్‌కి, ఒకటి నేరుగా మేయర్‌కి. తీగల కృష్ణారెడ్డి గెలిచారు. మేయర్‌ని నేరుగా మేమే ఎన్నుకున్న రోజు అది. ఆ పద్ధతి తీసేయడం నాకైతే నచ్చలేదు. మేయర్ పేరు ఊళ్లో అందరికీ తెలిసిన కాలమంటే అదే.

---

సికింద్రాబాద్ వాసి:

గౌలిగూడ అన్న చెప్పినదానికి ఒక్క సవరణ లాంటిది. టీచర్ గారూ, మీ చార్టులో మా ఊరు లేదు! 1950 నుంచి సికింద్రాబాద్‌కి వేరే కార్పొరేషన్, వేరే మేయర్. హుస్సేన్‌సాగర్‌కి అటు ఒక మేయర్, ఇటు ఒక మేయర్. 1960 ఆగస్టులో రెండింటినీ కలిపారు. మా తాతయ్య చివరిదాకా "మా కార్పొరేషన్‌ని కలిపేసుకున్నారు" అనే అనేవాడు, విలీనం అనే మాట ఆయన నోట రాలేదు. చార్టులో పక్కన చిన్న గడి అయినా పెట్టించండి.

ఇంకోటి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ (సైన్యం ఉండే ప్రాంతం) ఇప్పటికీ కార్పొరేషన్‌లో లేదు, దానికి వేరే బోర్డు. మీ క్లాసులో బొల్లారం వైపు పిల్లలు ఉంటే వాళ్ల ఇంటికి మేయర్ ఎవరని అడగకండి, పాపం తికమకపడతారు.

---

గ్రూప్స్ అభ్యర్థి:

"మేయర్ పెద్దా, కమిషనర్ పెద్దా" అన్న పిల్లాడికి నా తరఫున శభాష్ చెప్పండి మేడమ్. ఇది మా సిలబస్‌లో ఉంది, నోట్సు తీసి రాస్తున్నాను.

మన కార్పొరేషన్ చట్టం 1955 నాటిది. దాని ప్రకారం పనులు చేయించే అధికారం కమిషనర్‌ది. ఆయన ప్రభుత్వం పంపే అధికారి. మేయర్ కౌన్సిల్ సమావేశాలకి, స్టాండింగ్ కమిటీకి అధ్యక్షత వహిస్తారు. బడ్జెట్, పెద్ద పనులు, విధానాలు అక్కడ ఆమోదం పొందాలి. పిల్లలకి సులువుగా చెప్పాలంటే, ఏం చేయాలో తేల్చేది కౌన్సిల్, చేసి చూపించాల్సింది కమిషనర్. మర్యాదలో మేయర్ నగర ప్రథమ పౌరుడు. ఫైలు మీద సంతకంలో కమిషనర్ బరువు ఎక్కువ. నా అభిప్రాయం అడిగితే మేయర్‌కి ఇంకా అధికారం ఉండాలి, కానీ పరీక్షలో అలా రాయను.

ఖాళీల గురించి ఒక ముఖ్యమైన సంగతి. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. 243యు అధికరణం ప్రకారం మున్సిపాలిటీల గడువు అయిదేళ్లు, అది తీరేలోపే కొత్త ఎన్నికలు జరగాలి. మధ్యలో రద్దు చేస్తే ఆరు నెలల్లో జరపాలి. రాజ్యాంగంలో ఇంత స్పష్టంగా రాసి ఉన్నాక కూడా మన నగరంలో ఎన్నికలు 2002 దాకా జరగలేదు. 2007 ఏప్రిల్ 16న చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి గ్రేటర్ చేశాక 2009 నవంబరు దాకా మళ్లీ కౌన్సిల్ లేదు. 2014 డిసెంబరు నుంచి 2016 ఫిబ్రవరి వరకు ఇంకో ఖాళీ. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

2009 తర్వాతి పేర్లు: బండ కార్తీకరెడ్డి (కాంగ్రెస్), 2012 జనవరి నుంచి మాజిద్ హుస్సేన్ (ఎంఐఎం), రెండు పార్టీల ఒప్పందం ప్రకారం. 2016లో బొంతు రామ్మోహన్ (టీఆర్‌ఎస్), అప్పుడు పదవి బీసీలకి రిజర్వు. 2021 ఫిబ్రవరి 11న గద్వాల విజయలక్ష్మి, అప్పుడు జనరల్ మహిళకి రిజర్వు. 2020 ఎన్నికల్లో 150 డివిజన్లలో టీఆర్‌ఎస్‌కి 56, బీజేపీకి 48, ఎంఐఎంకి 44, కాంగ్రెస్‌కి 2. ఎవరికీ సగం రాలేదు. ఇప్పుడు మేయర్‌ని ఎన్నుకునేది కార్పొరేటర్లు ఒక్కరే కాదు. ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులుగా ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలకి కూడా ఓటు ఉంటుంది, చేతులెత్తి ఎన్నుకుంటారు.

---

సోషల్ టీచర్:

ముగ్గురికీ చాలా చాలా థ్యాంక్స్. ఇవాళ క్లాసులో ఆ ఇద్దరికీ జవాబు చెప్పాను. ఇన్నాళ్ల టెన్షన్ తీరింది.

మొదట నేను ఖాళీ ఏళ్లు కనపడకుండా పేర్లన్నీ దగ్గరగా జరిపి అతికించమన్నాను, చార్టు నిండుగా ఉంటుందని. ఇప్పుడు మార్చేశాం. స్కేలు పెట్టి ఏడాదికి అర అంగుళం చొప్పున గీయించాను. ఎన్నికైన కౌన్సిల్ లేని ఏళ్లన్నిటికీ బూడిద రంగు వేశారు. డెబ్బైల దగ్గర ఆ బూడిద పట్టీ జానెడు పొడవు వచ్చింది. చెత్త గురించి అడిగిన అమ్మాయే దాని మీద "ప్రత్యేక అధికారి" అని రాసింది. సికింద్రాబాద్ వారికి పక్కన వేరే గడి పెట్టాం, 1960 దగ్గర రెండు గీతలు కలిసిపోయేలా.

గౌలిగూడ బాబాయ్ గారూ, ఒక్క సందేహం మిగిలింది. మేయర్‌ని నేరుగా ఎన్నుకోవడమే మంచిదని మీరన్నారు. అలా గెలిచిన మేయర్ ఒక పార్టీ, కౌన్సిల్లో ఎక్కువమంది ఇంకో పార్టీ అయితే ఎలా అని పిల్లల్లో ఒకడు అడిగాడు.

---

గౌలిగూడ పాతకాపు:

అమ్మా, వాడు పట్టుకున్నది అసలు చిక్కు. అలా జరిగితే బడ్జెట్ దగ్గరే గొడవ మొదలవుతుంది, మేయర్ పెట్టింది కౌన్సిల్ ఆమోదించదు. కార్పొరేటర్లే ఎన్నుకుంటే ఆ తగాదా తగ్గుతుంది, కానీ మేయర్ పార్టీ పెద్దల వైపు చూస్తాడు, గల్లీ వైపు కాదు. నేను రెండూ చూశాను. నాకు ఇప్పటికీ 2002 నాటి రెండో ఓటే కావాలనిపిస్తుంది. కానీ వాడి ప్రశ్న కొట్టిపారేయొద్దు. క్లాసులో చేతులెత్తించి చూడు, ఎంతమంది ఎటు ఉన్నారో నాకు రాయి.

ఆ బూడిద పట్టీ ఉన్న చార్టు ఫొటో ఇక్కడ పెట్టు. మా నాన్న ఉంటే చూపించేవాణ్ని.