హోటల్లో నైట్ షిఫ్ట్ దిగాక ధ్యానం చేయిస్తున్నారు, దీనివల్ల ఉపయోగం ఉందా?

నెల్లూరబ్బాయి:
అందరికీ నమస్తే. చెన్నైలో ఒక హోటల్లో ఫ్రంట్ ఆఫీసులో మూడేళ్ళుగా చేస్తున్నాను. నెల నుంచి మా హెచ్ఆర్ వాళ్ళు మైండ్‌ఫుల్‌నెస్ అని పావుగంట సెషన్ పెడుతున్నారు, అదీ నైట్ షిఫ్ట్ అయ్యాక ఉదయం ఏడింటికి. కళ్ళు మూసుకుని శ్వాస గమనించమంటారు, నాకేమో నిద్ర ముంచుకొస్తుంది, లేదంటే రూమ్ రెడీగా లేదని రాత్రి అరిచిన గెస్ట్ గొంతే చెవుల్లో తిరుగుతుంది. రాత్రంతా నవ్వుతూ నిలబడి రూమ్‌కెళ్తే అమ్మ ఫోన్ చేసినా రెండు మాటలు మాట్లాడాలనిపించట్లేదు. నాకు అదే భయంగా ఉంది. చేస్తూ ఉంటే మార్పు వస్తుందా?

వడపళని అక్క:
తమ్ముడూ, నేను హౌస్‌కీపింగ్‌లో పన్నెండేళ్ళుగా ఉన్నాను. శ్వాస పనికొస్తుంది, కానీ ఒళ్ళు అలిసిపోయాక కాదు, పని మధ్యలో. బెల్ కొట్టి "హౌస్‌కీపింగ్" అన్నాక లోపలినుంచి జవాబు కోసం ఆగుతాం కదా, ఆ కాసేపు రెండు పాదాలూ నేలకి ఆన్చి నిదానంగా ఊపిరి వదులుతాను. రోజుకి పద్నాలుగు రూములంటే పద్నాలుగు సార్లు. ఇదివరకు దుప్పటి మారుస్తూ అంతకుముందు రూమ్ గురించే తిట్టుకునేదాన్ని, నడుం పట్టేసేది. ఇప్పుడు చేసే పని మీదే ధ్యాస ఉంటోంది. కానీ వీక్ ఆఫ్ రద్దుచేసి డ్యూటీకి పిలిచిన వారం మాత్రం ఇది కూడా పనిచెయ్యదు.

సాధన:
నేను మైండ్‌ఫుల్‌నెస్‌లో ఎనిమిది వారాల కోర్సు చేశాను. ఈ పద్ధతిని 1979లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో జాన్ కబట్-జిన్ మొదలుపెట్టారు. వారానికో క్లాసు, రోజూ ఇంట్లో సాధన ఉంటాయి, కాబట్టి నిద్రమత్తులో పావుగంట కూర్చుంటే అదే ఫలితం రాదు. లోపల ఎలా ఉన్నా బయటికి నవ్వాల్సి రావడాన్ని ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లోనే ఎయిర్ హోస్టెస్‌లను గమనించి ఒక రకం శ్రమగా లెక్కగట్టారు. మీరు అలిసిపోతున్నది ఆ పనివల్లే, మీలో లోపం ఉండి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో బర్నౌట్‌ని, అంటే పనివల్ల పూర్తిగా అలిసి నీరసించిపోవడాన్ని, పనిచోట ఎంతకీ తగ్గని ఒత్తిడికి ముడిపెట్టే చెప్పింది.

స్టీవార్డ్ అన్న:
సాధన గారి మాట నిజం. మాకు బ్రేక్ షిఫ్ట్, మధ్యాహ్నం మూడు నుంచి ఏడు దాకా ఖాళీ, ఇంటికెళ్ళి వచ్చే టైమ్ ఉండదు, పడుకునే చోటు లేదు. ముహూర్తాల సీజన్లో అయితే కాళ్ళు వాచిపోయేవి. తమిళనాడులో 2021లో షాపుల చట్టాన్ని మార్చి, పనిచేసేవాళ్ళకి కూర్చునే వీలు కల్పించాలని రాశారు. ఆ సంగతి చెప్పే మేం నలుగురం కలిసి మేనేజర్‌ని అడిగాం, స్టూళ్ళు వచ్చాయి. నిద్ర పట్టకపోతే 14416కి చెయ్యి తమ్ముడూ. అది టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులేం అక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. నేనూ ఒకసారి చేశాను.

నెల్లూరబ్బాయి:
అక్కా, గెస్ట్‌కి కీ కార్డు ఇచ్చేముందు అలా ఆగి చూస్తాను. సెషన్‌ని షిఫ్ట్ మొదట్లో బ్రీఫింగ్‌లోకి మార్చమని రేపు అడుగుతున్నాం, ఏమన్నారో రాస్తా.