నాగుల చవితా, నాగపంచమా? పుట్టలో పాలు ఎప్పుడు పోయాలి?

ప్రశ్న: మా పుట్టిల్లు తెనాలి వైపు, అత్తగారిది వరంగల్. అత్తయ్య శ్రావణంలో పంచమికి పుట్ట దగ్గరికి తీసుకెళ్ళారు, ఇప్పుడు అమ్మ ఫోన్ చేసి కార్తీకంలో చవితికి పోయమంటోంది, రెండూ చేయొచ్చా అండీ?

గోదావరి అమ్మాయి: చేసుకోండి అండీ, తప్పేముంది. తెలంగాణలో శ్రావణ శుద్ధ పంచమి, మా కోస్తాలో దీపావళి అయిన నాలుగో రోజు చవితి, అంతే తేడా. మాకు చిమ్మిలి, చలిమిడి, వడపప్పు, అరటిపళ్ళు, కొందరు కోడిగుడ్డు కూడా వేస్తారు, దీపావళికి మిగిల్చిన మతాబులు పిల్లలు అక్కడే కాలుస్తారు. పుట్టమన్ను చెవులకి రాసుకోవడం మర్చిపోకండి, "నడుం తొక్కితే నావాడనుకో, పడగ తొక్కితే పగవాడనుకోకు" అని మా అమ్మమ్మ దండం పెట్టించేది, పొలాల్లో తిరిగేవాళ్ళ భయమంతా అందులోనే ఉంది.

రాజు_మచిలీపట్నం: వీలైతే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడికి వెళ్ళండి, చవితికి జనం బాగా ఉంటారు, పొద్దున్నే బయల్దేరండి.

పాముల నేస్తం: ఒక్క విన్నపం. పాము పాలు తాగే జీవి కాదు, బుట్టలో పాముని తెచ్చి పాలు పట్టించమనేవాళ్ళకి డబ్బులివ్వద్దు ప్లీజ్. వాటికి కోరలు పీకేసి, రోజుల తరబడి నీళ్ళివ్వకుండా ఉంచి తెస్తారు, దాహానికి తాగిన పాలే వాటి ప్రాణం మీదకొస్తాయి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం కూడా. పుట్టలో లీటర్లు లీటర్లు గుమ్మరించకుండా రెండు చుక్కలు వేసి మిగతాది పిల్లలకి పంచండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండీ అందరికీ, ఈసారి గ్లాసుడు పాలే తీసుకెళ్తా. చిమ్మిలికి నువ్వులు వేయించాలా, పచ్చివే దంచాలా?

గోదావరి అమ్మాయి: మేం పచ్చివే బెల్లంతో దంచుతాం.