ఊనోలో +2 మీద +2 వెయ్యొచ్చా? తేల్చండి

కట్టకలుపు:
ప్రశ్న సూటిగా పెడతాను. ఊనో అంటే పైన ఉన్న కార్డుతో రంగు గానీ అంకె గానీ గుర్తు గానీ కలిసే కార్డు వేస్తూ, చేతిలోవి ముందుగా అవగొట్టుకునే కార్డుల ఆట. అందులో ఒకరు +2 వేశారు, అంటే పక్కవాళ్ళ చేత రెండు ఎత్తించే కార్డు. పక్కవాళ్ళ చేతిలోనూ +2 ఉంది. దాన్ని పైన వేసి, ఆ తర్వాతివాళ్ళ చేత 4 ఎత్తించొచ్చా? లేక మారు మాట్లాడకుండా రెండు ఎత్తుకుని వంతు వదులుకోవాల్సిందేనా? ఆటకు కూర్చున్న ప్రతిసారీ తగువు ఇక్కడే వస్తోంది. +4 దగ్గరకొచ్చేసరికి ఇంకా గందరగోళం. అసలు రూలేమిటి అన్నది ఒక సంగతి, ఎలా ఆడితే ఆట బాగుంటుంది అన్నది ఇంకో సంగతి. రెండూ చెప్పండి. మామూలు 108 కార్డుల కట్ట, 4 నుంచి 6 మంది. ఒక్కోసారి 500 పాయింట్లకు, ఒక్కోసారి పాయింట్లు లేకుండా.

ఆఖరిముక్క:
రూల్ ప్రకారం కుదరదండి. +2 పడితే పక్కవాళ్ళు రెండు కార్డులు ఎత్తాలి, వంతు పోతుంది. అంతే. చేతిలో ఎన్ని +2లున్నా ఆ వంతులో పనికిరావు. +4కూ ఇంతే, నాలుగు ఎత్తి వంతు వదిలెయ్యాలి. 2019లో ఊనో వాళ్ళ ట్విట్టర్ ఖాతాలోనే ఈ మాట చెప్పారు: +4 పడ్డాక దాని మీద +2 వేసి తర్వాతివాళ్ళతో ఆరు ఎత్తించడం చెల్లదని.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. +2 మీద +2 వెయ్యడమే తప్పు అని కాదు. ఎర్ర +2 పడింది, పక్కవాళ్ళు రెండు ఎత్తుకున్నారు, వాళ్ళ వంతు పోయింది. ఆ తర్వాతివాళ్ళు పచ్చ +2 వేస్తే అది చెల్లుతుంది, గుర్తు కలిసింది కాబట్టి. కానీ దానికి ఎత్తాల్సింది మళ్ళీ రెండే. మొదటి రెండింటి శిక్ష అప్పుడే తీరిపోయింది. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి తగువు పడుతుంటారు.

నాలుగురంగులు:
రూల్ పుస్తకంలో లేదన్నది నిజమే, ఒప్పుకుంటాను. కానీ రూల్ ప్రకారం ఆడితే +2 పడినవాళ్ళకు చేయగలిగింది ఏమీ లేదు. చేతిలో సమాధానం ఉండి కూడా చూస్తూ కూర్చోవాలి. పేర్చడం, అంటే ఎత్తకుండా +2 మీద +2 వేసి దెబ్బను పక్కకు తొయ్యడం, ఒప్పుకుంటే ప్రతి +2కూ రెండు పనులు వస్తాయి: కొట్టడం, కాచుకోవడం. వేసేవాళ్ళు కూడా ఆలోచించి వేస్తారు, ఎందుకంటే ఆ దెబ్బ చుట్టూ తిరిగి తమ మీదకే రావచ్చు. ఎక్కువమంది ఇళ్ళలో ఇలా ఆడుతున్నారంటే ఊరికే కాదు. ఊనో వీడియో గేమ్‌లో కూడా పేర్చడాన్ని కావాలంటే పెట్టుకునే రూల్‌గా ఇచ్చారు.

నేను చెప్పే పద్ధతి ఇది. +2 మీద +2 మాత్రమే. రంగు ఏదైనా ఫర్వాలేదు. వెయ్యాలనుకుంటే కార్డు ఎత్తకముందే వెయ్యాలి. ఒక్క కార్డు ఎత్తినా ఇక కాచుకునే హక్కు పోయినట్టే. చివరికి కార్డు లేనివాళ్ళు మొత్తం ఎత్తి వంతు వదులుకుంటారు. ఒకే వంతులో ఒకరు రెండు +2లు కలిపి వెయ్యకూడదు.

లెక్కలపేక:
ఇష్టాయిష్టాలు పక్కనబెట్టి కట్ట లెక్క చూద్దాం. 108లో అంకెల కార్డులు 76 (రంగుకు ఒక సున్నా, 1 నుంచి 9 వరకు రెండేసి), స్కిప్ (పక్కవాళ్ళ వంతు దాటించేది), రివర్స్ (ఆట దిశ తిప్పేది), +2 తలా 8, వైల్డ్ (ఇకపై ఆడాల్సిన రంగును వేసినవాళ్ళే చెప్పేది) 4, +4 నాలుగు. ఈమధ్య వస్తున్న కొన్ని పెట్టెల్లో అదనపు వైల్డ్‌లతో 112 ఉంటాయి. ముందు లెక్కపెట్టి చూసుకోండి, కింది అంకెలన్నీ 108కి.

ఆట మొదట్లో మీ 7 కార్డుల్లో ఒక్క +2 ఉందనుకోండి, తెరిచిన కార్డు +2 కాదనుకోండి. మీకు కనబడనివి 100 కార్డులు, వాటిలో 7 +2లు. పక్కవాళ్ళ 7 కార్డుల్లో కనీసం ఒక +2 ఉండే అవకాశం నూటికి సుమారు 41. అదే వాళ్ళ చేతిలో మూడే కార్డులుంటే సుమారు 20. ఒక్కటే ఉంటే 7. ఆట సాగేకొద్దీ పడిపోయిన కార్డులను బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి గానీ, వరస మారదు.

అంటే ఏమిటి? పేర్చడం అందరికీ ఒకే రకమైన కాపు కాదు. ఎవరి చేతిలో కార్డులు ఎక్కువుంటే వాళ్ళు ఎక్కువసార్లు తప్పించుకుంటారు. బాగా ఆడి రెండు మూడు కార్డులకు దిగినవాళ్ళ దగ్గర దెబ్బ ఆగుతుంది, అదీ పెద్దదై. 8 +2లూ వరసగా పడితే 16 కార్డులు. +4లు కూడా కలిపితే 32. పదిమంది ఆడితే పంచాక, ఒకటి తెరిచాక కట్టలో మిగిలేది 37. ఒక్క గొలుసుతో కట్ట దాదాపు ఖాళీ. అంత పొడవు సాగడం చాలా అరుదేలెండి. కానీ 6, 8 ఎత్తడం అరుదు కాదు.

నాలుగురంగులు:
లెక్కలపేక గారూ, మీ 41 అన్నది కార్డులు యాదృచ్ఛికంగా చేతిలో ఉన్నప్పటి మాట. పేర్చడం ఉందని తెలిసినవాళ్ళు +2ని తొందరపడి దింపరు, చివరిదాకా దాచుకుంటారు. కాబట్టి మూడు కార్డులున్నవాళ్ళ దగ్గర +2 ఉండే అవకాశం మీరు చెప్పిన 20 కంటే బాగా ఎక్కువే. ఏది ఎప్పుడు దింపాలో, ఏది అట్టేపెట్టాలో ఎంచుకోవడమే కదా ఈ ఆటలో ఉన్న నేర్పు!

ఇంకోటి. 2023లో వచ్చిన ఊనో నో మెర్సీ అనే మరో రకం ఊనోలో పేర్చడం అధికారిక రూలే. పడిన దానికి సమానమైనదో, అంతకంటే పెద్దదో వేసి పక్కవాళ్ళకు తోసెయ్యొచ్చు. ఆట తయారుచేసే కంపెనీయే ఒప్పుకున్నాక ఇంకా తప్పంటారేం?

ఆఖరిముక్క:
నో మెర్సీని సాక్ష్యం తెచ్చారు గనక దాని మిగతా రూల్స్ కూడా చెప్పాలి. అందులో కట్ట 168 కార్డులు. చేతిలో 25 కార్డులు చేరితే ఆ మనిషి ఆట నుంచి బయటికి. అంటే పేర్చడం వల్ల చేతులు ఉబ్బిపోతాయని తెలిసే, దానికి ఒక అడ్డుకట్ట కట్టి ఇచ్చారు. మామూలు 108 కట్టలో ఆ అడ్డుకట్ట లేదు. ఒకరు 10 కార్డులు ఎత్తుకుని ఇక గెలిచే దారి లేకుండా కూర్చుంటారు, ఆట మాత్రం అవ్వదు. ముఖ్యంగా చిన్నపిల్లలు ఉన్న ఆటలో దీంతోనే పేచీ వస్తుంది. పది కార్డులు చేతిలో పట్టుకోవడమే వాళ్ళకు కష్టం.

దాచుకోవడం గురించి మీరన్నది నిజం. అయితే పాయింట్ల ఆటలో దానికి ఖరీదుంది. ఎవరైనా ఆట ముగిస్తే మిగతావాళ్ళ చేతుల్లోని కార్డుల విలువంతా వాళ్ళ ఖాతాలోకి పోతుంది. అంకెల కార్డుకు దాని మీదున్న అంకె, స్కిప్, రివర్స్, +2లకు 20, వైల్డ్‌కూ +4కూ 50. రెండు +2లు దాచుకుని దొరికిపోతే 40 ఇచ్చినట్టు. 500కు ఆడేటప్పుడు అది చిన్న మొత్తం కాదు.

లెక్కలపేక:
అసలు మెలిక ఇక్కడే ఉంది. పాయింట్లు లేకుండా, ముందు ఎవరు ముగిస్తే వాళ్ళే విజేత అని ఆడితే, +2ని దాచుకోవడానికి ఖర్చేమీ ఉండదు. అందరూ దాస్తారు, గొలుసులు పొడుగవుతాయి. పాయింట్లకు ఆడితే దాచినవాళ్ళు భయపడుతూనే ఉంటారు, ముందే దింపేస్తారు, గొలుసులు పొట్టిగా ఉంటాయి. ఆఖరిముక్క గారు పేర్చడం వద్దంటున్నారు, నాలుగురంగులు గారు కావాలంటున్నారు. నా మాట: 500కు ఆడేటప్పుడు ఉంచుకోండి, పాయింట్లు లేని ఆటలో తీసెయ్యండి. చాలా ఇళ్ళలో సరిగ్గా దీనికి తలకిందులుగా ఆడతారు, అందుకే ఆట గంటలకొద్దీ తెమలదు.

దీనితో పాటు ఇంకో ఇంటి రూల్ కలిస్తే మరీ ఘోరం. రూల్ ప్రకారం వెయ్యడానికి కార్డు లేకపోతే ఒక్కటే ఎత్తాలి. ఎత్తినది పనికొస్తే వెంటనే వెయ్యొచ్చు, లేకపోతే వంతు పక్కకు పోతుంది. కొందరు పనికొచ్చేది దొరికేదాకా ఎత్తుతూనే ఉండాలంటారు. అదీ, పేర్చడమూ రెండూ ఒకే ఆటలో పెట్టకండి. చేతుల్లోకి వచ్చే కార్డులే తప్ప పోయేవి ఉండవు.

కట్టకలుపు:
బాగా అర్థమైంది. మరి +4 సంగతి? మా ఆటలో +2 మీద +4, +4 మీద +4, అన్నీ వేసేస్తున్నారు.

ఆఖరిముక్క:
దీన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకండి. ఎందుకో చెబుతాను.

+4 ఎప్పుడు పడితే అప్పుడు వేసే కార్డు కాదు. పైన ఉన్న కార్డు రంగు మీ చేతిలో ఒక్కటి కూడా లేనప్పుడే వెయ్యాలి. రంగు మాటే ఇక్కడ ముఖ్యం. అదే అంకె వేరే రంగులో ఉన్నా, అదే గుర్తు ఉన్నా, మామూలు వైల్డ్ ఉన్నా +4 చెల్లుతుంది. ఆ రంగు ఉండి కూడా వేస్తే అది దొంగాట, దాన్ని పట్టుకునే హక్కు నాలుగు ఎత్తాల్సిన మనిషికే ఉంది. సవాలు చేస్తే వేసినవాళ్ళు తమ కార్డులు సవాలు చేసినవాళ్ళకు మాత్రమే చూపించాలి, బల్ల మీద పరచనక్కర్లేదు. దొంగాట అయితే వేసినవాళ్ళే నాలుగు ఎత్తాలి. సక్రమంగా వేశారని తేలితే సవాలు చేసినవాళ్ళు ఆరు ఎత్తి వంతు వదులుకోవాలి.

ఇప్పుడు పేర్చి చూడండి. మొదటివారు +4 వేసి, ఇకపై ఆడాల్సిన రంగు నీలం అన్నారు. రెండోవారు సవాలు చెయ్యకుండా ఇంకో +4 వేశారు. మూడోవారి మీద 8 పడింది. మూడోవారు ఎవరిని సవాలు చెయ్యాలి? రెండోవారినంటే, వాళ్ళ దగ్గర నీలం ఉందా అని చూడాలి. తప్పు తేలితే రెండోవారు ఎత్తాల్సింది 4 ఆ, 8 ఆ? మొదటివారు దొంగాట ఆడి ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం ఎవరికీ లేకుండా పోయిందే! సవాలు భయం పోతే +4 అందరికన్నా ముందు దింపే కార్డు అవుతుంది. దాన్ని అదుపులో ఉంచే ఒకే ఒక్క రూల్ అలా చచ్చిపోతుంది.

నాలుగురంగులు:
ఇందులో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. పేర్చడం +2లకే. +2 మీద +4 కూడా వద్దు, దాంట్లోనూ ఇదే చిక్కు. కొందరు రివర్స్ వేసి దెబ్బను వెనక్కి తిప్పొచ్చంటారు, కొందరు స్కిప్‌తో పక్కకు దాటించొచ్చంటారు. అవీ వద్దు. వాటినీ కలిపితే కాచుకునే కార్డులు 8 కాదు, 24 అవుతాయి. దెబ్బ ఎవరి మీదా ఆగదు.

గొలుసుకు ఒక పైహద్దు పెట్టుకోండి: మూడు +2లు, అంటే ఆరు కార్డులు. మూడోది పడ్డాక పక్కవాళ్ళు ఎత్తాల్సిందే. లెక్కలపేక గారు చెప్పిన ఆ పెద్ద దెబ్బల బెంగ దీంతో చాలావరకు తీరుతుంది. ఏం ఒప్పుకున్నారో కార్డులు పంచకముందే ఒక కాగితం మీద రాసి మధ్యలో పెట్టండి. ఆట నడుమ గుర్తు చేసుకుంటే ఎవరికి లాభమో వాళ్ళ జ్ఞాపకమే గెలుస్తుంది.

లెక్కలపేక:
ఆరు దగ్గర ఆపడం నచ్చింది. చిన్న సవరణ: ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది ఉంటేనే మూడు. ముగ్గురే ఆడితే మూడో +2 వేసేది మొదటివాళ్ళకు వెనక కూర్చున్నవాళ్ళు, దెబ్బ నేరుగా మొదలుపెట్టినవాళ్ళకే తగులుతుంది. అప్పుడు ముందు +2 వెయ్యడానికే ఎవరూ సాహసించరు. ముగ్గురికీ నలుగురికీ రెండుతో ఆపండి.

ఎర్రసున్నా:
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి, ఇంకో రెండు చిక్కులు. ఒకటి: చివరి కార్డుగా +2 వేసి ఆట ముగిస్తే? రెండు: పంచాక మొదట తెరిచిన కార్డే +2 అయితే, మొదటి ఆటగాడు దాని మీద పేర్చొచ్చా?

ఆఖరిముక్క:
మొదటిదానికి రూల్ స్పష్టంగానే ఉంది. +2తో ముగించొచ్చు, +4తోనూ ముగించొచ్చు. పక్కవాళ్ళు ఆ కార్డులు ఎత్తాల్సిందే, ఎత్తాకే పాయింట్లు లెక్కపెట్టాలి. ఎత్తినవి కూడా గెలిచినవాళ్ళ ఖాతాలో కలుస్తాయి. పాయింట్లు లేని ఆటలో ఎత్తినా ఎత్తకపోయినా ఒకటే. ఒక కార్డు మిగిలినప్పుడు 'ఊనో' అనడం మరిచి, పక్కవాళ్ళు వంతు మొదలుపెట్టేలోపు పట్టుబడితే రెండు ఎత్తాలి కదా, అది చూసుకున్నాకే ముగింపు.

రెండోదానికి: తెరిచిన కార్డు +2 అయితే మొదటి ఆటగాడు రెండు ఎత్తి వంతు వదులుకోవాలి. తెరిచింది +4 అయితే మాత్రం దాన్ని కట్టలో కలిపేసి ఇంకోటి తెరవాలి.

నాలుగురంగులు:
పేర్చే ఆటలో ముగింపు +2 మీద పేర్చడం కుదరదు, ఆట అయిపోయింది, ఎత్తేవాళ్ళు ఎత్తాలి. ఇందులో ఆఖరిముక్క గారి మాటే. మొదట తెరిచిన +2 మీద మాత్రం పేర్చొచ్చనే అంటాను. ఆ కార్డు ఎవరూ వేసింది కాదు, ఒక్క వంతు కూడా ఆడకుండానే శిక్ష పడటం అన్యాయం.

ఆఖరిముక్క:
నేను ఒప్పుకోను. అది ఎవరూ వేసింది కాదు కాబట్టే దాని మీద ఎవరి కోపమూ లేదు. రెండు ఎత్తి ముందుకు పోవడం తేలిక. పేర్చనిస్తే పంచడం పూర్తయిన మొదటి క్షణంలోనే ఎవరికో ఆరు పడతాయి, వాళ్ళు 13 కార్డులతో ఆట మొదలుపెట్టాలి.

కట్టకలుపు:
కాగితం మీద రాస్తున్నాను: పాయింట్ల ఆటలో మాత్రమే పేర్చడం, +2 మీద +2 మాత్రమే, నలుగురి దాకా రెండు, ఐదుగురు దాటితే, కాదు, ఐదుగురి నుంచి మూడు. +4 మీద ఏదీ లేదు, సవాలు ఉంటుంది. వెయ్యడానికి లేకపోతే ఒక్కటే ఎత్తాలి. మొదట తెరిచిన +2 దగ్గర మీ ఇద్దరి మాటా కలవలేదు కాబట్టి ప్రస్తుతానికి రూల్ పుస్తకం చెప్పినట్టే, రెండు ఎత్తుకోవాలి.