అప్‌డేట్: లాటిన్ 'ప్లూయిత్' క్రియకు కర్త ఎక్కడ?

రోమన్ చరిత్రకారుడు లివీ రాసిన రోమ్ చరిత్ర మొదటి పుస్తకం 31వ అధ్యాయంలో, ఆల్బన్ కొండపై రాళ్లు కురిశాయని రోమ్ రాజు తుల్లుస్‌కు వార్త వచ్చినచోట, 'లాపిదిబుస్ ప్లువిస్సే' (రాళ్లతో కురిసిందని) అన్న మాటల్లో కర్త ఎవరని ఇక్కడ అడిగాను. సందేహం తీరింది, సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

'క్రియను విడిగా ప్రథమపురుష ఏకవచనంలో పెట్టి చూడండి' అన్న సలహాయే పనిచేసింది. ప్లూయిత్ (వాన కురుస్తోంది), నింగిత్ (మంచు కురుస్తోంది), తోనాత్ (ఉరుముతోంది) అనేవి కర్త లేకుండానే నిలుస్తాయి. మనం 'ఉరిమింది' అని ఊరుకున్నప్పుడు ఏది ఉరిమిందో చెప్పనట్టే. కురిసిన వస్తువు తృతీయార్థంలో, అబ్లేటివ్ విభక్తిలో, వస్తుంది కనుక 'లాపిదిబుస్' అంటే 'రాళ్లతో'. అచ్చుతప్పేమో అన్న నా అనుమానానికి ఆధారం లేదు. రోమన్ల ఆకాశదేవుడు యూపితెర్ ఇక్కడ అధ్యాహారం, అంటే చెప్పకపోయినా కర్తగా ఊహించుకోవాలి, అన్న వాదం కూడా ఇక్కడ అక్కరలేదు. ఉరుము విషయంలో మాత్రం రోమన్ రచయిత సిసెరో 'యోవె తోనాంతె' (యూపితెర్ ఉరుముతుండగా) అని దేవుణ్ణే కర్తను చేశాడు.

అసలు పొరపాటు నాది: తెలుగు అలవాటుకొద్దీ దీన్ని రాళ్లవాన, అంటే వడగళ్లు, అనుకున్నాను. వడగళ్లకు 'గ్రాందినాత్' అని వేరే క్రియ ఉంది. పైగా రాజు పంపిన మనుషుల కళ్లముందే, గాలి వడగళ్లను కుప్పగా నేలకు తోలినట్టు రాళ్లు పడ్డాయని లివీయే పోల్చి చెప్పాడు. ఆ వాక్యం దాకా నేను చదవనేలేదు.