‘వలస’ ఎంతవరకు వలస?

బ్రిటిష్ రచయిత్రి జేడీ స్మిత్ తొలి నవల ‘వైట్ టీత్’ (2000) గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. ‘లండన్‌లోని వలస కుటుంబాల కథ’ అన్న మొదటి వాక్యం దగ్గరే కలం ఆగింది. సమద్ ఇక్బాల్ బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాడు, సరే. అతని కవల కొడుకులు మాగిద్, మిల్లత్ పుట్టింది లండన్‌లోనే. ఎక్కడి నుంచీ రానివాళ్లను వలసవాళ్లని ఎలా అంటాం? పైగా ‘వలస పాలన’ అని కూడా అంటున్నాం. అదీ ఇదీ ఒకే మాటా?

జవాబు: ఒకే మాట కావడమే ఈ నవలకు కలిసొచ్చిందండీ. సమద్ 1857 నాటి మంగళ్ పాండే తన ముత్తాత అని గొప్పగా చెప్పుకుంటాడు. తాను మాత్రం బ్రిటిష్ సైన్యంలో పనిచేశాడు. దొరలు ఇటు వచ్చినా వలసే, సమద్ అటు పోయినా వలసే. ఇంగ్లీషు ఈ రెండింటికీ వేర్వేరు మాటలు పెట్టుకుంది. ఇక పిల్లల సంగతి: ఆమదాలవలస, కొత్తవలస చూడండి. పోయి స్థిరపడిన చోటు కూడా వలసే అయింది. అక్కడ పుట్టినవాళ్లు ఆ ఊరివాళ్లు, అంతే.

మరో జవాబు: ఊరి పేరుకేం, అరిగిపోయింది. ఇవాళ ‘వలస’ అనగానే చెవికి తగిలేది ‘వలస కూలీ’. సమద్ హోటల్లో వడ్డన చేస్తాడు నిజమే, కానీ ‘నేను సర్వర్ని కాదు, విద్యార్థిగా, శాస్త్రవేత్తగా, సైనికుడిగా ఉన్నవాణ్ణి’ అంటూ మెడలో పలక వేలాడదీసుకోవాలని ఉంటుంది అతనికి. మీ వాక్యం ఆ పలకను లాగేస్తోంది. ‘పొట్ట చేత పట్టుకుని పోయారు’ అన్నా అదే తంటా.

మళ్లీ నేనే: పలక మాట ఒప్పుకుంటున్నాను. ఇంకో చిక్కు కూడా తట్టింది. తొమ్మిదేళ్ల మాగిద్‌ను, మన పద్ధతులు నేర్చుకోవాలని తండ్రి బంగ్లాదేశ్‌కు పంపిస్తాడు. వాడు తిరిగి వచ్చేసరికి ఇంగ్లీషువాళ్లను మించిన ఇంగ్లీషువాడు! ఇందులో వలస ఏది, తిరుగు ప్రయాణం ఏది? ఇక సమద్ స్నేహితుడు ఆర్చీ జోన్స్ అచ్చమైన ఇంగ్లీషువాడు. అచ్చుపనుల కంపెనీలో కాగితాలు ఎలా మడవాలో చూసే ఉద్యోగం. అతని భార్య క్లారాది జమైకా. ‘వలస కుటుంబాలు’ అంటే ఆర్చీ బయటే నిలబడాల్సి వస్తుంది, అదీ సొంత ఇంటి గుమ్మం దగ్గర.

వాక్యం మార్చాను: ‘లండన్‌లో ఇక్బాల్, జోన్స్ ఇళ్ల కథ.’ చప్పగా ఉందంటే ఉంది. ‘వలస’ను సమద్ వచ్చిన పేరాలో వాడుకుంటాను.