రూట్ బీర్‌కి ఎన్ని మార్కులు వేయొచ్చు? బామ్ వాసన వస్తోంది, పాడైందా?

తాడిపత్రి_తమ్ముడు:
మా పెద్దనాన్న కొడుకు అమెరికాలో విస్కాన్సిన్‌లో ఉంటాడు. ఈసారి వచ్చేటప్పుడు అక్కడ ఒక చిన్న బ్రూవరీ (బీరు తయారుచేసే చోటు) వాళ్లు చేసే రూట్ బీర్ అనే తీపి సోడా సీసాలు తెచ్చాడు. గోధుమరంగు గాజు సీసా, అచ్చం బీరు సీసానే, మా అమ్మ అయితే ఫ్రిజ్‌లో పెట్టనివ్వలేదు, ఆల్కహాల్ లేదని లేబుల్ చదివి వినిపించాక గానీ ఒప్పుకోలేదు. మూత తీశానో లేదో నొప్పుల బామ్ వాసన గుప్పుమంది. తాగితే మొదట తీపి, తర్వాత వెనిలా, కొంచెం తేనె, చివర్లో నాలుక మీద ఏదో చల్లదనం. మా నాన్న ఒక్క గుక్క తాగి "ఇది దగ్గు మందురా" అని గ్లాసు పక్కన పెట్టేశాడు. నేను 10కి 4 వేశా. మా అన్నేమో అక్కడ దీనికి 8కి తక్కువ ఎవరూ వేయరంటాడు. ఈ వాసన ఉండాల్సిందేనా? అసలు దీన్ని దేన్ని చూసి రేట్ చేస్తారు?

కొండారెడ్డి_బురుజు:
పాడవలేదు తమ్ముడూ, అది అలాగే ఉంటుంది. ఆ వాసన వింటర్‌గ్రీన్ అనే ఆకుది. అందులో ఉండే మిథైల్ సాలిసిలేట్‌నే నొప్పులకు రాసుకునే మందుల్లోనూ వేస్తారు, అందుకే మన ముక్కుకి ముందు మోకాళ్ల నొప్పి గుర్తొస్తుంది. అక్కడి పిల్లలకి అదే వాసన చూయింగ్ గమ్‌లో, చాక్లెట్ గోలీల్లో అలవాటు కాబట్టి వాళ్లకది మిఠాయి వాసన. కాబట్టి వాసన నచ్చలేదని మార్కులు కోసేస్తే అది నీ అలవాటుకి వేసిన మార్కు, డ్రింకుకి కాదు.

పాతకాలంలో దీనికి అసలు సరుకు సాసాఫ్రాస్ చెట్టు వేరు బెరడు. దాంట్లోని సాఫ్రోల్ అనే పదార్థం ఎలుకల్లో కాలేయ క్యాన్సర్ తెస్తోందని తేలడంతో 1960లో అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని తినేవాటిలో, తాగేవాటిలో వాడకూడదంది. అప్పట్నుంచి సాఫ్రోల్ తీసేసిన సారమో, తయారుచేసిన ఫ్లేవరో వేస్తున్నారు. బ్రూవరీకి ఈ సోడా గొడవ ఎందుకంటావా, 1920 నుంచి 1933 దాకా అక్కడ మద్యనిషేధం ఉన్నప్పుడు చాలా బ్రూవరీలు ఇలాంటివి అమ్ముకునే గట్టెక్కాయి.

ఇంక రేటింగ్ సంగతి. సీసాతో తాగొద్దు, గ్లాసులో పోసి నురుగు చూడు. బుస్సుమని లేచి వెంటనే చచ్చిపోతే మార్కు తగ్గించు. మంచిదాంట్లో నురుగు సన్నగా, చిక్కగా కాసేపు నిలుస్తుంది. దానికోసం కొందరు యుక్కా అనే మొక్క సారమో, క్విల్లాయా అనే చెట్టు బెరడు సారమో కలుపుతారు, మన కుంకుడుకాయ నురుగుకి కారణమైన సపోనిన్లే వాటిలోనూ ఉంటాయి. తర్వాత తీపి, గొంతులో గ్యాస్ పట్టు, మింగాక నోట్లో మిగిలేది. అన్నిటికంటే చివరిదానికే నేను ఎక్కువ మార్కులేస్తా, మంచిది తాగితే కాసేపటి దాకా వెనిలా, సోంపు లాంటి వాసన నోట్లో ఉంటుంది, నాసిరకందైతే ఉత్త చక్కెర జిగురే.

కడప_అబ్బి:
అబ్బీ, అంతా బాగుంది గానీ, ఎండాకాలంలో నిమ్మకాయ పిండిన నన్నారి సోడా తాగే మనకి ఈ వేరు సోడా కొత్తేం కాదు. నన్నారి చేసే సుగంధిపాల వేరు వాసనకి కారణమైన పదార్థం, వెనిలాలో ఉండే వెనిలిన్, రెండింటిలో పరమాణువులు అవే, అమరికే వేరు. అందుకే నన్నారి తాగిన నోటికి రూట్ బీర్‌లో వెనిలా భాగం వెంటనే దొరుకుతుంది, బామ్ భాగమే అడ్డం తగులుతుంది. నా ఓటు 4కే. మామూలు రూట్ బీర్ 355 మి.లీ. సీసాలో చక్కెరే 40 గ్రాముల పైన ఉంటుంది, మీ లేబుల్ కూడా ఒకసారి చూడు. పులుపు అనేదే లేకుండా అంత తీపి ఎలా తాగుతారో నాకర్థం కాదు.

నంద్యాల_అక్క:
కడప తమ్ముడు నన్నారి పార్టీ, తెలిసిందే 😀 కానీ అంగళ్లలో అమ్మే నన్నారి సిరప్పుల్లో ఎసెన్సూ రంగూ కలిపినవే ఎక్కువ దొరుకుతున్నాయి, వాటితో పోలిస్తే ఈ సీసాకి అన్యాయమే. పోల్చాలంటే వేరు తెచ్చి దంచి, నానబెట్టి, పాకం పట్టి పోల్చండి. ఇంకోటి, దాన్ని గడ్డకట్టేంత చల్లగా తాగితే వాసనలన్నీ మూతపడి చక్కెర ఒక్కటే తెలుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట పెట్టండి. అక్కడ గ్లాసులో వెనిలా ఐస్‌క్రీమ్ ముద్ద వేసి పైనుంచి ఇది పోస్తారు, పిల్లలకి అలా ఇచ్చి చూడు, బామ్ గీమ్ అనరు. కానీ ఐస్‌క్రీమ్‌తో తాగి మార్కులేయొద్దు, అది ఐస్‌క్రీమ్‌కి పడ్డ మార్కు అవుతుంది.

తాడిపత్రి_తమ్ముడు:
అక్కా, బయట పెట్టి గ్లాసులో పోశా. నురుగు వేలెడు మందాన లేచింది, బాగా నిలిచింది, మింగాక సోంపు కూడా తెలిసింది. లేబుల్ మీద చక్కెర 40 దాటే ఉంది, కడప అన్న చెప్పిందీ నిజమే. 6 వేస్తున్నా, అంతకు మించి నావల్ల కాదు. నాన్న మాత్రం ముట్టనంటున్నాడు. ఇంతకీ మంచి సుగంధి వేరు ఎక్కడ దొరుకుతుంది?

నంద్యాల_అక్క:
మూలికల అంగట్లో అడుగు. పైన ముదురు గోధుమరంగులో, సన్నగా తీగలాగా ఉంటుంది. కొనే ముందు ఒక ముక్క విరిచి వాసన చూడు, వాసన రాకపోతే అది పాత సరుకు, తీసుకోవద్దు.