హెండ్రిక్స్ ఆల్బమ్‌పై విశ్వరూపం: తప్పు ఎవరిది?

వీణాపాణి:
1967 డిసెంబరులో బ్రిటన్‌లో విడుదలైన, అమెరికా రాక్ గిటార్ వాద్యకారుడు జిమి హెండ్రిక్స్ ఆల్బమ్ ‘ఆక్సిస్: బోల్డ్ యాజ్ లవ్’ ముఖచిత్రం చూడగానే, అది మన పూజామందిరాల్లో కనిపించే విశ్వరూప పటమేనని ఎవరికైనా తెలిసిపోతుంది. నడుమ ఉండవలసిన దేవుని ముఖాల స్థానంలో హెండ్రిక్స్‌నూ, ఆయన బృందంలోని నోయెల్ రెడ్డింగ్, మిచ్ మిచెల్‌లనూ చిత్రించారు. హిందువుల అభ్యంతరాల మీద మలేసియా ప్రభుత్వం 2014లో దీనిని నిషేధించింది. గీత పదకొండవ అధ్యాయంలో అర్జునుడు చూసి వణికిపోయిన రూపాన్ని అంగడి సరుకుకు అట్టగా వాడుకోవడం నాకు సమ్మతం కాదు కనుక, ఆ నిషేధం సబబేనని నేననుకుంటున్నాను.

రికార్డుల రామం:
వీణాపాణి గారూ, మీ బాధ న్యాయమైనదే. అయితే ఈ ముఖచిత్రం హెండ్రిక్స్ కోరుకున్నది కాదు. కార్ల్ ఫెరిస్ తీసిన ఫోటో ఆధారంగా రోజర్ లా ముగ్గురి ముఖాలనూ చిత్రించగా, వాటిని వేలాదిగా అచ్చయ్యే ఒక భక్తి పటంతో కలిపి అట్టను తయారు చేశారు. తన వంశంలోని అమెరికా ఆదివాసీ మూలాలను చూపి ఉంటే తగినట్లుండేదని హెండ్రిక్స్ అసంతృప్తి వెలిబుచ్చాడు. మరుసటి ఏడాది ‘ఎలక్ట్రిక్ లేడీలాండ్’ విషయంలో ఇంతకంటే ఘోరం జరిగింది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లోని ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ కథా శిల్పం మీద పిల్లలతో కలిసి బృందం కూర్చోగా లిండా ఈస్ట్‌మన్ తీసిన ఫోటోను వాడమని ఆయన ఉత్తరం రాసి మరీ కోరాడు. అమెరికా కంపెనీ దానిని పక్కన పెట్టి వేరే ఫోటో వేసింది. బ్రిటన్ కంపెనీ ఏకంగా నగ్న స్త్రీల ఫోటోతో ఆల్బమ్‌ను విడుదల చేసింది. అట్ట మీద తన ముఖం ఎలా ఉండాలో చెప్పుకొనే అధికారం కూడా లేని కళాకారుని సంగీతానికి నిషేధపు మచ్చ అంటించడం అన్యాయమని నా వాదన.

నల్లమల:
కళాకారునికి తెలియదన్నంత మాత్రాన చిత్రం నిర్దోషి అయిపోదు. 1997లో అమెరికా రాక్ బృందం ఏరోస్మిత్ ‘నైన్ లైవ్స్’ ఆల్బమ్ అట్ట మీద, కాళీయుని పడగలపై నాట్యమాడే కృష్ణునికి పిల్లి తల పెట్టారు. ఆ బొమ్మకు మూలం ఇస్కాన్ స్థాపకుడు భక్తివేదాంత స్వామి గ్రంథాల్లోని వర్ణచిత్రమని బృందానికి తెలియదు. హిందువులు నిరసన తెలిపిన తరువాత సోనీ సంస్థ క్షమాపణ చెప్పి, ముఖచిత్రాన్ని మార్చింది. అక్కడ ఏ ప్రభుత్వమూ నిషేధించకుండానే పని జరిగింది.

రికార్డుల రామం:
ఆ రెండింటినీ ఒకే గాటన కట్టలేము. పిల్లి తల దైవాన్ని వికృతం చేసింది. హెండ్రిక్స్ అట్టలో వెక్కిరింత లేదు, పటంలోని వైభవం చాలావరకు చెక్కుచెదరలేదు. నా అభ్యంతరమల్లా, ఆ పటాన్ని గీసిన చిత్రకారునికి దక్కవలసిన గుర్తింపు గురించే. ఫోటో తీసినవారినీ ముఖాలు వేసినవారినీ నేటికీ తలుచుకుంటున్నాం, విశ్వరూపాన్ని గీసిన చేతిని మాత్రం ఎవరూ తలుచుకోరు.

వీణాపాణి:
రామం గారూ, మీరు చెప్పినవన్నీ నా వాదననే బలపరుస్తున్నాయి. హెండ్రిక్స్‌కే నచ్చని అట్టను ఆయన పేరు మీద ఇంకా ఎందుకు అచ్చు వేయాలి? 2018లో ‘ఎలక్ట్రిక్ లేడీలాండ్’ యాభై ఏళ్ల ప్రత్యేక సంచిక వెలువడినప్పుడు, ఆయన అడిగిన లిండా ఈస్ట్‌మన్ ఫోటోనే ముఖచిత్రంగా వేశారు. అక్కడ చేయగలిగిన మార్పు ‘ఆక్సిస్’ విషయంలోనూ చేయవచ్చు. అది జరిగితే మలేసియా నిషేధాన్ని సమర్థించవలసిన అవసరం నాకూ ఉండదు.